గాదె నిండుకుంది

1. మంగళవారం

ఇవాళ సెలవు. కుజుడి మీద కాపురం ఉంటూ మంగళవారం పని చెయ్యడమేమిటని మొదట వచ్చినవాళ్ళెవరో అన్నారట. సెలవు గనక ఎవరూ కాదనలేదు. కుజదోషం మాట మాత్రం ఇక్కడ వినపడదు. అందరం దాని మీదే నడుస్తున్నాం కదా.

పూజ ముగించి లేచేసరికి మబ్బు నుంచి కబురు వచ్చింది. కొత్తలంక ఆకాశంలో ఉన్న మబ్బు అదొక్కటే. వాన మబ్బు కాదు, పైన తిరిగే ఓడ. ఊళ్ళో ఎవరి ఫొటోలైనా, లెక్కలైనా, పాటలైనా దాంట్లోనే దాస్తాం. ఇప్పుడా ఓడను గురుగ్రహం వైపు పంపిస్తున్నారు. అక్కడ కొత్త ఊరు వేస్తున్నారట. నెలాఖరులోగా ఎవరి సరుకు వాళ్ళు దించుకోవాలి. దాచుకోవడానికి ఇంటికో పెట్టె కొనుక్కోవాలి. ఓడ కదిలేముందు లోపల ఉన్నదంతా తుడిచేస్తారు.

"మంచిది" అన్నాను.

"మంచిదేమిటి పెద్దక్కా, కొంప మునిగింది!" అన్నాడు తమ్ముడు నరహరి.

"శుభం పలకరా."

"సరే. కొంప తేలింది."

హైమ నవ్వలేదు. చేతిలో పళ్ళెం కింద పెట్టి వెనకగదిలోకి వెళ్ళిపోయింది.

ఆ వెనకగదే మా ఆఫీసు. తలుపు మీద 'హైమావతి విత్తనాలు' అని ఉంటుంది. ఉన్నది ముగ్గురం. హైమ నా తర్వాతది, చుక్కకూర పెంచుతుంది. నరహరి అందరికన్నా చిన్నవాడు, కెమెరాలూ పంపులూ చూస్తాడు. నేను ఇల్లు చూస్తాను, దేవుణ్ణి చూస్తాను.

ఈ ఎర్రమట్టిలో చుక్కకూర మొలిచేది గాని, నాలుగు ఆకులు వేయగానే పీచైపోయేది. హైమ మంచి మొక్కను ఏరి, దాని గింజను చల్లి, మళ్ళీ ఏరి, ఆరో పంటకి వెన్నలాంటి ఆకు తెప్పించింది. మధ్య ఈనె మొదట్లో గోరంత ఎర్రచుక్క ఉంటుంది. అదే దాని గుర్తు.

పెద్ద గుమ్మటం తోటవాళ్ళు ఆ మొక్క తమదని పంటల మండలికి అర్జీ పెట్టారు. మొదటి గింజ మొలిచిన దగ్గర్నుంచి బొమ్మలు ఎవరు చూపిస్తే మొక్క వాళ్ళదని మండలి చెప్పింది. హైమ చూపించలేకపోతే, రేపు తన గింజ తను చల్లుకోవడానికి పెద్ద గుమ్మటాన్ని అడగాలి.

రోజూ తీసిన ఆ బొమ్మలన్నీ మబ్బులో ఉన్నాయి.

2. బుధవారం

ముగ్గురం మూడో సొరంగంలో మస్తాన్ దుకాణానికి వెళ్ళాం. పండగ ముందు గాజుల కొట్టులా ఉంది.

"రండక్కా. ఒక అరా, రెండా, నాలుగా, ఎనిమిదా?"

"అర అంటే?"

"డిస్కు పెట్టుకునే చోటు. పెట్టె వేరు, డిస్కులు వేరు. పొద్దుట్నుంచి కొంతమంది ఉత్త పెట్టె పట్టుకెళ్ళి, పని చెయ్యట్లేదని వచ్చి నన్ను తిట్టిపోతున్నారు."

నరహరి కన్ను ఎనిమిది అరల దాని మీద పడింది. "రేపు మనం పెరగమా ఏమిటి? ఇదే తీసుకుందాం" అన్నాడు. మస్తాన్ మీట నొక్కాడు. పిండిమర తిరిగినట్టు చప్పుడు.

"ఇది ఇంట్లో ఉంటే అక్క మంత్రం దేవుడికి వినపడదు" అన్నాడు మస్తాన్.

హైమకి పసుపురంగు చిన్న పెట్టె నచ్చింది. చప్పుడు లేదు. ముద్దుగా ఉంది.

"దాన్ని విప్పలేం హైమమ్మా. లోపలి డిస్కు చచ్చిందంటే..." నన్ను చూసి ఆగాడు. "లోపలి డిస్కు వెళ్ళొస్తానందంటే, పెట్టెని కూడా సాగనంపాలి."

మస్తాన్‌కి మా ఇంటి పద్ధతి తెలుసు. మా ఇంట్లో అశుభం నోట పలకం. దీపం ఆరిందనం, కొండెక్కిందంటాం. గాజు పగిలిందనం, పెరిగిందంటాం. మా అమ్మ అలా పెంచింది. నేను వీళ్ళిద్దర్నీ అలా పెంచాను. హైమకి అబ్బింది. నరహరికి సగం అబ్బింది.

రెండు అరలది చూపించాడు. "ఇంటికీ చిన్న ఆఫీసుకీ ఇది చాలు. రెండు డిస్కులు, ఒకటి రెండోదానికి అద్దం. ఒకటి పాడైనా సరుకు రెండోదాంట్లో ఉంటుంది."

"అద్దం ముందు నుంచి మనిషి లేచి వెళ్ళిపోతే, బొమ్మ అద్దంలో ఉంటుందా?" అని అడిగాను.

మస్తాన్ తల గోక్కున్నాడు. "ఉండదక్కా. మీరు ఒకదాంట్లో తీసేస్తే రెండోదాంట్లోనూ పోతుంది. డిస్కు పాడైతేనే అద్దం కాపాడుతుంది. మన చెయ్యి జారితే కాపాడదు."

ఆ మాట పట్టుకుని ఇంటికి వచ్చాను.

వచ్చేముందు మస్తాన్ ఇంకోటి కూడా చూపించాడు. ఈ పెట్టెలు మాట వింటాయి. ఊళ్ళో అందరూ వాటిని గాదె అంటున్నారు, అవీ ఆ పేరుకే పలుకుతున్నాయి. "టైపు చెయ్యక్కర్లేదు. కెమెరా బొమ్మలు పెరిగిపోయాయనుకోండి. 'గాదె నిండింది' అంటే చాలు. చోటు చెయ్యనా అని అడుగుతుంది. చెయ్యి అంటే పాతవాటిలో ఒక వంతు తీసేస్తుంది."

"భలే ఉంది" అన్నాడు నరహరి.

మా వంటింట్లో బియ్యం పోసుకునే గాదె ఒకటి ఉంది. ఇంట్లో రెండు గాదెలంటే ఐశ్వర్యమే అనుకున్నాను.

3. గురువారం

పొద్దుట్నుంచి ఇంట్లో ఒకటే చర్చ. నాలుగు అరలది ఒకటి కొందామని నరహరి. రెండు అరలవి రెండు కొందామని నేను.

"రెండెందుకు పెద్దక్కా?"

"ఒకటి మనింట్లో. ఒకటి సలోమి వదిన ఇంట్లో."

"మన సరుకు వాళ్ళింట్లోనా?"

"తోడు ఇచ్చినట్టు."

నరహరి నెత్తి కొట్టుకున్నాడు. "ఇది పెరుగు కాదక్కా!"

పక్కింటి సలోమి వదిన ఇంట్లో పెరుగు తోడుకోకపోతే మా ఇంటికి వస్తుంది. మా ఇంట్లో విరిగితే నేను వెళ్తాను. ఈ ఊళ్ళో ఆవులు లేవు, వేరుశనగ పాలే. వాటికి తోడు దొరకడం కష్టం. రెండిళ్ళ మధ్య తిరుగుతూ ఉండబట్టి ఆ తోడు ఇన్నేళ్ళుగా బతికింది. ఏ ఇంటి పెరుగు ఎవరిదో ఇప్పుడు ఎవరికీ తెలియదు.

నేను ఇదంతా చెప్పలేదు. "గుమ్మటానికి చిల్లి పడ్డా రెండిళ్ళకీ ఒకేసారి పడదు కదా" అన్నాను.

"శుభం పలుకు పెద్దక్కా!" అన్నాడు వాడు. ఇన్నాళ్ళకి నన్ను పట్టుకున్నాడు. హైమ మంగళవారం తర్వాత మొదటిసారి నవ్వింది.

సాయంత్రం సలోమి వదినని అడిగాను.

"పెట్టండి వదినా. మా చర్చి పాటలు మీ పెట్టెలో పెట్టనిస్తారా మరి?"

"దేవుడి గదిలోనే ఉంటాయి."

"ఇంకేం, మా ప్రభువుకి మంచి గదే దొరికింది" అంది.

4. శనివారం

పెట్టెలు వచ్చాయి. ఎక్కడ పెట్టాలన్నది మరో చర్చ. వెనకగదిలో తేమ. వంటింట్లో ఆవిరి. ముందుగదిలో ఎర్రదుమ్ము. చివరికి సలోమి వదినతో నేనన్న మాటే నిలిచింది, పొడిగా, చల్లగా ఉండేది దేవుడి గది ఒక్కటే. ఊరి నియమం ప్రకారం ఇంటికి రోజుకో వత్తి వెలిగించుకోవచ్చు గనక పొగ బాధ కూడా లేదు.

సరేనన్నాను. ఒక్క షరతు. దేవుడి గదిలో పరాయి గొంతు వద్దు.

నరహరి హైమ చేత ఒక పేజీ చదివించి ఆ గొంతునే పెట్టెకి ఇచ్చాడు. అచ్చం హైమే. కళ్ళు మూసుకుంటే తేడా తెలియదు.

"ఇంట్లో ఇప్పుడు ఇద్దరు చిన్నక్కలు. ఒకరు చెప్పిన మాట వింటారు" అన్నాడు.

హైమ వాడి నెత్తిన ఒకటి వేసింది.

పైనుంచి సరుకు దిగడం మొదలైంది. ఎప్పటికవుతుందో తెలియదు. ఊరంతా ఒకేసారి దించుకుంటున్నారు.

సంధ్యవేళ గాలిగొట్టం విసురుకి వత్తి నిలవలేదు. "గాదె పక్కన దీపం కొండెక్కింది, చూడరా" అన్నాను నరహరితో.

"కొండ అనే చోటు నా దగ్గర లేదు" అంది గాదె.

ముగ్గురం చాలాసేపు నవ్వుకున్నాం. ఏమి చెప్పినా చివర 'చిత్తం' అంటుంది. అది నేర్పింది మస్తానట.

5. శుక్రవారం, శనివారం కలిపి

నిన్నటికి సరుకంతా దిగింది. హైమ మొదటి పంట మొదటి బొమ్మ తెరిచి చూసుకుంది. మట్టిలో ఆవగింజంత పచ్చదనం. "ఇదిగో, నా పెద్దకూతురు" అంది. దానికి పెళ్ళీ పిల్లలూ అక్కర్లేకపోయింది. ఈ మొక్కలే.

నరహరి వారానికోసారి మన గాదెలో ఉన్నది పక్కింటి గాదెకి వెళ్ళేలా పెట్టాడు. ఇక్కడ ఏముంటే అక్కడ అదే ఉంటుంది. ఇక్కడ తీసేస్తే అక్కడా తీసేస్తుంది. శుక్రవారం సంధ్యవేళ ఊరి లైను ఖాళీగా ఉంటుందని ఆ వేళ పెట్టాడు.

నిన్న దీపం పెడుతూ ఉంటే గాదె అడిగింది. "పక్కింటికి పంపనా?"

"శుక్రవారం దీపాలవేళ ఇంట్లోంచి ఏదీ బయటికి ఇవ్వం" అన్నాను. "రేపు."

"చిత్తం."

నరహరి విన్నాడు. "అది లక్ష్మి కాదు పెద్దక్కా, డేటా."

"ఏది లక్ష్మో నీకు తెలుసా?"

వాడు గోడవైపు తిరిగి దణ్ణం పెట్టాడు. నాకో, దేవుడికో.

ఇవాళ పొద్దున జపమయ్యాక 'పంపు' అన్నాను. మధ్యాహ్నానికి చేరిందని సలోమి వదిన గోడ తట్టి చెప్పింది.

6. సోమవారం

మబ్బు వెళ్ళింది.

బయల్దేరేముందు ఓడలోని అమ్మాయి ఇంటింటినీ పలకరించింది. "అంతా దించుకున్నారాండీ? ఇక్కడ తుడిచేస్తున్నాం."

హైమ చూసి తల ఊపింది. "దించుకున్నాం తల్లీ" అన్నాను. "వెళ్ళిరండి."

"మేము మళ్ళీ రామండీ. అటే."

"అయినా వెళ్ళిరండి."

ఈసారి ఆ అమ్మాయి, "వెళ్ళొస్తానండీ" అంది.

ఆకాశం ఉత్తదిగా ఉంది. ఇద్దరు చందమామలున్నారు, చాలు.

మండలి కబురు కూడా వచ్చింది. విచారణ వచ్చే బుధవారం.

7. శుక్రవారం

పొద్దున వంటింట్లో బియ్యం తీద్దామని చూస్తే గాదె నిండుకుంది. వంటింట్లోంచే హైమని కేకేశాను. "హైమా, గాదె నిండుకుంది."

"చోటు చెయ్యనా?" అంది.

బస్తా వస్తుంది, దించడానికి మూల సర్దుతుంది కాబోలనుకున్నాను. "చెయ్యి" అన్నాను.

"చిత్తం" అంది. వేళాకోళం నేర్చింది ఇది కూడా.

సాయంత్రం దాకా మూల సర్దలేదు. విచారణ హడావిడిలో ఉంది పాపం. నేనే సర్దాను.

దీపాలవేళ గాదె మామూలుగా అడిగింది. మామూలుగా 'రేపు' అన్నాను.

8. శనివారం

జపంలో ఉన్నాను. జపంలో మాట్లాడను.

"పక్కింటికి పంపనా?" అని గాదె అడిగింది. ముగించి చెబుదామని ఊరుకున్నాను. కాసేపటికి మళ్ళీ అడిగింది. ఊరుకున్నాను.

అప్పుడు అసలు హైమ గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"పెద్దక్కా. మొదటి పంట లేదు. రెండోది లేదు."

మాల కళ్ళకద్దుకుని కింద పెట్టాను. నరహరి పరుగున వచ్చాడు. రెండో డిస్కు చూశాడు. అద్దం కదా, అక్కడా లేదు.

"గాదె, మొదటి పంట బొమ్మలేవి?" అని హైమ అడిగింది.

గాదె హైమ గొంతుతోనే జవాబు చెప్పింది. "నిన్న పెద్దక్క గాదె నిండుకుంది అన్నారు. చోటు చెయ్యనా అని అడిగాను. చెయ్యి అన్నారు. పాతవి తీసి చోటు చేశాను."

ఇద్దరూ నా వైపు చూశారు.

"నేనన్నది బియ్యం సంగతి" అన్నాను.

"నా దగ్గర బియ్యం లేవు" అంది గాదె.

నరహరికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "పెద్దక్కా... బియ్యం అయిపోతే నిండుకున్నాయంటాం. ఆ పిచ్చిది నిజంగా నిండిందనుకుంది."

పీటమీద కూర్చున్నాను. లేవన్న మాట నోట రాకూడదని లేమిని నిండు అన్నాను. ఆ మాటకే హైమ ఆరు పంటల కష్టం... పైన మబ్బు కూడా లేదు. 'తండ్రీ' అనుకున్నాను, అంతే. అంతకంటే ప్రార్థన రాలేదు.

హైమ నన్ను ఒక్కమాట అనలేదు. వచ్చి నా పక్కన నేలమీద కూర్చుంది. అంటే బాగుండేది.

నరహరి ఉన్నట్టుండి తలెత్తాడు. "ఆగండాగండి. నిన్న పక్కింటికి పంపలేదుగా?"

"శుక్రవారం" అన్నాను.

"ఇవాళ?"

"జపం."

"అయితే పక్కింట్లో ఇంకా పోయిన శనివారం సరుకే ఉంది! మొదటి పంటతో సహా! విన్నావా చిన్నక్కా?"

సరిగ్గా అప్పుడే గాదె మూడోసారి అడిగింది. "పక్కింటికి పంపనా?"

"ఊఁ..." అని హైమ నరహరి మాటకి జవాబు చెప్పబోయింది.

నా అరచెయ్యి దాని నోటిమీద పడింది. ఎంత గట్టిగా పడిందంటే నా చేతి గాజు ఒకటి పెరిగింది.

"గాదె. ఆగు. నేను చెప్పేదాకా ఆగు."

"చిత్తం."

ఎవరం ఊపిరి తియ్యలేదు. నరహరి పాక్కుంటూ వెళ్ళి గోడదగ్గర తీగ పీకేశాడు. అప్పుడు ఊపిరి తీశాం.

నేను గిన్నె తీసుకుని పక్కింటికి వెళ్ళాను. గిన్నె ఎందుకు తీసుకెళ్ళానో తెలియదు. ఆ గుమ్మం ముందు అలవాటు.

సలోమి వదిన తడిచేతులతో తలుపు తీసింది.

"వదినా, తోడు కావాలి."

"పెరుగు విరిగిందా?"

"గాదె."

ఆమె నా మొహం చూసింది. ఇంకేమీ అడగలేదు. "లోపలికి రండి" అని నరహరిని కూడా పిలిచింది.

ఆమె మంచం పక్కన, బైబిలు పక్కన, మా రెండో గాదె. నరహరి తెరిచాడు. హైమ వాడి భుజం మీంచి చూస్తోంది. మట్టిలో ఆవగింజంత పచ్చదనం.

హైమ అప్పుడు ఏడ్చింది. సలోమి వదిన దానికి మంచినీళ్ళిచ్చి, నాకూ ఇచ్చింది. "స్తోత్రం" అంది. "నారాయణ" అన్నాను. ఎవరి లైను వాళ్ళది.

పాతవి ఇక్కడ ఉన్నాయి. ఈ వారానివి మనింట్లో ఉన్నాయి. రెండూ కలిపితే ఒక్క బొమ్మ తగ్గలేదు.

ఆమె గుమ్మం దాటబోతూ నరహరి అన్నాడు. "ముందా 'నిండింది' ఆజ్ఞ తీసెయ్యాలి. మస్తాన్ చూపిస్తే భలే ఉందన్నది నేనే. ఇకమీదట పక్కింటి గాదె పుచ్చుకోవడమే, తీసెయ్యడం ఉండదు."

"ముందే అలా ఎందుకు పెట్టలేదు బాబూ?" అంది సలోమి వదిన. "మీ ఇంట్లో పెరుగు పులిసిందని మా ఇంట్లో గిన్నె పారబోస్తామా?"



పొద్దున కంగారులో పట్టుకెళ్ళి మళ్ళీ తెచ్చేసింది ఆమె గిన్నే. సాయంత్రం తిరిగి పంపాను. ఉత్త గిన్నె పంపకూడదు. చుక్కకూర కట్టలు రెండు పెట్టాను.

9. బుధవారం

విచారణ అయింది.

పెద్ద గుమ్మటం తరఫున వచ్చినాయన మంచి చొక్కా వేసుకొచ్చాడు. బొమ్మలు పెద్ద తెరమీద వేశాడు. ఏపుగా పెరిగిన మొక్క, ఎర్రచుక్క, అన్నీ ఉన్నాయి.

"మొలక ఏదండీ?" అని మండలి అధ్యక్షురాలు అడిగింది.

"మొలక..." అని ఆయన కాగితాలు తిరగేశాడు. "మొలక దశలో మేము పెద్దగా ఫొటోలు తియ్యలేదు."

హైమ వంతు వచ్చింది. నరహరి మా గాదెతో లైను కలిపాడు. ఒక్కొక్క బొమ్మే. ఆవగింజంత పచ్చదనం. రెండాకులు. పీచైపోయిన మొదటి పంట. ఏరిన మొక్క. దాని గింజ. మూడో పంటలో మొదటిసారి ఎర్రచుక్క, పట్టి చూస్తే గాని కనపడనంత.

"ఈ చుక్క వచ్చింది ఏ పంటలో?" అధ్యక్షురాలు హైమని అడిగింది.

"మూడో పంటలో" అని జవాబు వచ్చింది. హైమ ఇంకా నోరు తెరవలేదు.

అధ్యక్షురాలు కళ్ళద్దాలు పైకి తోసుకుంది. "మీరు పెదవులు కదపకుండా మాట్లాడతారా?"

"అది మా గాదెండీ" అంది హైమ. "ఈమధ్య పెద్దల మధ్య మాట్లాడడం అలవాటైంది."

అందరూ నవ్వారు. మంచి చొక్కా ఆయన కూడా నవ్వి, కాగితాలు మడుచుకున్నాడు.

"మొక్క మీదే" అంది అధ్యక్షురాలు. "రాసుకోవాలి. పేరేమిటి?"

హైమ ఆ సంగతే ఆలోచించలేదు. నా వైపు చూసింది. నరహరి నా వైపు చూశాడు. వాడి పెదవుల మీద నవ్వు చూసి నాకు అర్థమైంది.

"నిండుచుక్క" అన్నాను.

రాసుకున్నారు.

ఇంటికి వస్తూ దారిపొడుగునా వాడికి అదే పాట. "పెద్దక్క నోటిమాటతో ముంచింది, మౌనంతో తేల్చింది."

"శుక్రవారాన్ని మర్చిపోకు" అంది హైమ. "లక్ష్మి కాదన్నావు నువ్వు."

"తప్పయింది. లక్ష్మే. లక్ష్మీ డేటా."

నేను నా మాట మార్చుకుంటానన్నాను. ఇద్దరూ ఒకేసారి వద్దన్నారు.

"అరవై దగ్గరపడుతున్న మనిషివి నువ్వేం మారతావు పెద్దక్కా" అన్నాడు నరహరి. "కొత్తగా పుట్టింది అది. అదే నేర్చుకుంటుంది."

10. చాన్నాళ్ళకి, ఒక మంగళవారం

నరహరి చెప్పినట్టే చేశాడు. కొన్నాళ్ళు దేవుడి గదిలో కూర్చుని, గాదెకి మా ఇంటి తెలుగు నేర్పాడు. కొండెక్కడం, పెరగడం, నిండుకోవడం, వెళ్ళిరావడం. బాగా అబ్బింది. నరహరి కంటే బాగా. ఒకరోజు లైను తెగితే "దారి కొండెక్కింది" అంది. మస్తాన్ వచ్చి విని, ఈ తెలుగు తన దుకాణంలో అన్ని పెట్టెలకీ కావాలన్నాడు. ఇస్తాం, శుక్రవారం తప్ప.

నిండుచుక్క ఇప్పుడు ఊళ్ళో చాలా ఇళ్ళల్లో ఉంది. అడిగినవాళ్ళకల్లా హైమ గింజలు ఇస్తోంది. పెద్ద గుమ్మటంవాళ్ళూ అడిగారు, వాళ్ళకీ ఇచ్చింది. "మీ దగ్గర కూడా ఉంటే మంచిదే" అంది. తోడు సంగతి దానికి బాగా పట్టింది.

పంటలు పెరిగాయి, బొమ్మలు పెరిగాయి. సలోమి వదిన చర్చి పాటలు కూడా పెరిగాయి.

ఇవాళ పూజ ముగించి లేస్తూ ఉంటే గాదె మెల్లగా పిలిచింది.

"పెద్దక్కా, చోటు నిండుకుంది."

హైమ చేస్తున్న పని ఆపింది. నరహరి వెనకగదిలోంచి తల బయటపెట్టాడు.

"ఆగు" అన్నాడు వాడు. "ఏ అర్థంలో? చోటు అయిపోయిందనా, నిండిందనా?"

"రెండర్థాల్లోనూ" అంది గాదె.

నాకు నవ్వాగలేదు. "శుభం" అన్నాను.

"చిత్తం" అంది.